శుక్రవారం ఉదయం ఏడుంపావు: బ్రాడ్‌వ్యూ తలుపు దగ్గర ఇద్దరు సిస్టర్లు

అందరికీ నమస్కారం. శనివారం పొద్దున్నే పిల్లల క్లాసులూ ఇంటి పనులూ పక్కన పెట్టి ఇంతమంది వచ్చినందుకు సంతోషం. ఇమ్మిగ్రేషన్ పోలీసులు పట్టుకున్నవాళ్ళని కలిసి సాయం చెయ్యడం గురించీ, ఆ పని చేసి చూపించిన ఇద్దరు కేథలిక్ కన్యస్త్రీల గురించీ ఇవాళ మాట్లాడతాను. నేరుగా విషయంలోకి వెళ్తాను.

నేపర్‌విల్ నుంచి షికాగో సిటీ వైపు కారులో వెళ్తుంటే అరగంటలో బ్రాడ్‌వ్యూ అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడ బీచ్ స్ట్రీట్‌లో, పైకి ఏ ప్రత్యేకతా కనిపించని బిల్డింగు ఒకటుంది. ఇమ్మిగ్రేషన్ పోలీసుల, అంటే ఐస్ వాళ్ళ ప్రాసెసింగ్ సెంటర్ అది. జైలు అని పేరు లేదు. పట్టుకున్నవాళ్ళ వేలిముద్రలు తీసుకుని, కాగితాలు రాసి, ఏదో ఒక జైలుకో విమానానికో పంపే మజిలీ. ఏళ్ళ తరబడి శుక్రవారం పొద్దున్నే అక్కణ్ణుంచి బస్సులు ఓహేర్ ఎయిర్‌పోర్టుకి బయల్దేరేవి. లోపల ఉన్నవాళ్ళకి చేతులకీ కాళ్ళకీ గొలుసులు. బయట ఫుట్‌పాత్ మీద వాళ్ళ భార్యలు, తల్లులు, స్కూలుకి వెళ్ళాల్సిన పిల్లలు.

2007 జనవరిలో ఇద్దరు సిస్టర్లు ఆ ఫుట్‌పాత్ మీదికి వచ్చి నిలబడ్డారు. ఒకరు సిస్టర్ జోఆన్ పెర్ష్, మరొకరు సిస్టర్ పాట్ మర్ఫీ. అప్పటికే ఇద్దరూ డెబ్బై దాటినవాళ్ళు. ఉదయం ఏడుంపావుకి జపమాల మొదలుపెట్టేవాళ్ళు. షికాగో జనవరి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. జపమాల పూసలు తిప్పాలంటే గ్లవ్స్ తియ్యాలి. ఆ మొదటి శుక్రవారం తర్వాత మళ్ళీ శుక్రవారం వచ్చారు, ఆ తర్వాత శుక్రవారమూ వచ్చారు. ఏళ్ళకేళ్ళు వస్తూనే ఉన్నారు.

వీళ్ళది మెర్సీ సిస్టర్స్ సభ. 1831లో డబ్లిన్‌లో కేథరిన్ మెకాలీ స్థాపించింది. అప్పట్లో కన్యస్త్రీలంటే మఠం గోడల మధ్యే ఉండేవాళ్ళు. మెకాలీ సిస్టర్లు రోడ్డు మీద నడిచి రోగుల ఇళ్ళకీ బీదల ఇళ్ళకీ వెళ్ళేవాళ్ళు కాబట్టి, జనం వాళ్ళని ‘నడిచే కన్యస్త్రీలు’ అనేవాళ్ళట. చెరసాలలో ఉన్నవాళ్ళని చూడ్డానికి వెళ్ళడం కేథలిక్కులు చిన్నప్పటి నుంచీ నేర్చుకునే దయాకార్యాల్లో ఒకటి. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ఉంది. ఈ ఇద్దరూ దాన్ని పాఠంగా వదిలెయ్యకుండా టైంటేబుల్‌లో పెట్టుకున్నారు. బ్రాడ్‌వ్యూ కంటే ముందే, 1990లో, మధ్య అమెరికా దేశాల్లో చిత్రహింసలు పడి పారిపోయి వచ్చినవాళ్ళ కోసం షికాగోలో సూ కాసా అనే ఇల్లు తెరిచారు. ఆశ్రయం కోరి వచ్చిన మనిషికి ముందు నిద్ర పట్టాలి, ఆ తర్వాతే మాట బయటికి వస్తుంది. వాళ్ళు దాన్ని ఆ ఇంట్లో ఉండే నేర్చుకున్నారు.

నేను ముఖ్యంగా చెప్పదలుచుకున్నది వాళ్ళు పని చేసిన తీరు గురించి. మనసు కరగడం పెద్ద విషయం కాదు, టీవీలో చూసినా కరుగుతుంది. వాళ్ళు ఏం చేశారంటే, ఒక తలుపు దగ్గర వారం వారం కనిపించి, ఆ తలుపు తెరుచుకున్నాక దాని వెనకున్న తలుపు అడిగారు. ముందు ఫుట్‌పాత్ మీద నిలబడ్డారు. తర్వాత ‘బస్సు ఎక్కి వాళ్ళతో ఒక్క ప్రార్థన చెయ్యనివ్వండి’ అని అడిగారు. కుదరదన్నారు. మళ్ళీ అడిగారు. చివరికి ఎక్కనిచ్చారు. తర్వాత బిల్డింగు లోపలికి వెళ్ళి, పంపించేస్తున్నవాళ్ళనీ వాళ్ళ కుటుంబాలనీ కలవడానికి అనుమతి వచ్చింది. గౌరవంగా, శాంతంగా అడుగుతాం, కానీ కాదంటే ఒప్పుకోం: సిస్టర్ జోఆన్ ఎక్కడ మాట్లాడినా చెప్పేది ఇదే.

ఇంకో తలుపు జైలు. ఇది కాస్త వివరంగా చెప్పాలి. ఐస్‌కి అన్నిచోట్లా సొంత జైళ్ళు లేవు. కౌంటీ జైళ్ళలో మంచాలు అద్దెకి తీసుకుంటుంది, మనిషికి రోజుకింత అని కౌంటీకి కడుతుంది. షికాగో వాళ్ళని ఎక్కువగా వాయవ్యాన ఉడ్‌స్టాక్‌లోని మెక్‌హెన్రీ కౌంటీ జైల్లో పెట్టేవాళ్ళు. సిస్టర్లు అక్కడికి వెళ్తామంటే జైలు ఒప్పుకోలేదు. జైలు అధికారి దయ మీద ఆధారపడ్డ అనుమతి ఆ అధికారి మారితే పోతుందని వాళ్ళకి అర్థమైంది. అందుకని రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్ళారు. శాసనసభ్యుల గదుల చుట్టూ తిరిగారు. 2008లో ఇల్లినాయ్‌లో ‘యాక్సెస్ టు రిలిజియస్ మినిస్ట్రీ యాక్ట్’ వచ్చింది. కౌంటీ జైళ్ళలో ఉన్న ఇమ్మిగ్రేషన్ ఖైదీలని మతసేవకులు కలిసే హక్కు దాంతో చట్టమైంది. అడుక్కునే అనుమతికీ చట్టంలో ఉన్న హక్కుకీ ఎంత తేడా ఉందో జైలు గేటు దగ్గర ఒక్కసారి నిలబడితే తెలుస్తుంది. ఈ పని కోసమే అన్ని మతాలవాళ్ళూ కలిసిన ఇంటర్‌ఫెయిత్ కమిటీ ఫర్ డిటెయిన్డ్ ఇమ్మిగ్రెంట్స్ పుట్టింది. వారం వారం వాలంటీర్లు మెక్‌హెన్రీ వెళ్ళడం మొదలైంది.

ఇక ఆ ములాఖత్ సంగతి. వెళ్ళినవాళ్ళు ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు.

ఫోను, తాళాలు, పర్సు లాకర్‌లో పెట్టి వెళ్తారు. చేతిలో ఏమీ ఉండదు. కూర్చున్నాక ముందు రెండు మాటలు చెప్పాలి: నేను లాయరుని కాను, నేను ప్రభుత్వ మనిషిని కాను. ఇది చెప్పకపోతే అవతలి మనిషి మీ ముందు పరీక్ష రాస్తున్నట్టు మాట్లాడతాడు. ‘ఎందుకు పట్టుకున్నారు, దేశం ఎందుకు వదిలావు’ అని అడగకూడదు. కారణం మర్యాద ఒక్కటే కాదు. లాయరుకి చెప్పిన మాటకి చట్టంలో రహస్య రక్షణ ఉంది, మామూలు వాలంటీరుకి చెప్పినదానికి అలాంటి భరోసా లేదు. మీరు కాగితం మీద రాసుకున్న వివరం రేపు అతని కేసులో ఉన్నదానికి తేడాగా ఉంటే అది అతనికే నష్టం. అందుకే ఆశ్రయం కథ వాలంటీరు నోట్‌బుక్‌లోకి ఎక్కకూడదు.

అడగాల్సినవి మూడే. నువ్వు ఇక్కడున్నావని ఇంట్లోవాళ్ళకి తెలుసా? మందులు ఏమన్నా వాడతావా, అందుతున్నాయా? కోర్టు తారీఖు నీకు తెలుసా?

మందుల దగ్గర మనవాళ్ళకి ప్రత్యేకమైన చిక్కు ఉంది. మనం మందుని కంపెనీ పేరుతో చెప్తాం. జైలు నర్సు దగ్గర ‘గ్లైకోమెట్’ అంటే ఆవిడకి తెలియకపోవచ్చు. మెట్‌ఫార్మిన్ అనాలి. థైరోనార్మ్ అంటే లీవోథైరాక్సిన్. డోలో అంటే ఇక్కడ అసెటమినోఫెన్. షుగరు మనిషి వారం రోజులు మందు లేకుండా ఉండిపోవడానికి ఒక్కోసారి ఈ పేరు తేడా చాలు. ఇంటికి ఫోన్ చేసి మందు అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పేరు చదివించుకోవాలి.

మిగతా సమయం అతనిది. మాట్లాడితే వినండి. ఏడిస్తే ఆపడానికి తొందరపడకండి. ప్రార్థన కావాలంటే అతని మతంలో చెయ్యనివ్వండి. మీ మతంలోకి లాగడం ఈ పనికి పూర్తిగా విరుద్ధం. ఖైదీకి బయటికి నడిచే దారి లేదు కాబట్టి మీరు చెప్పేది వినక తప్పదు. ఆ పరిస్థితిని వాడుకోకూడదు.

వాలంటీర్లు తప్పటడుగు వేసేది ఎక్కువగా ఒక్కచోటే. ‘నేను చూసుకుంటాను, బయటికి తెస్తాం’ అనేస్తారు. జాలితో అన్న మాటే, కానీ లోపల ఉన్న మనిషి ఆ మాట పట్టుకుని రోజులు లెక్కపెట్టుకుంటాడు. రెండో తప్పు, వస్తానని చెప్పి రాకపోవడం. రెండు వారాలకోసారే రాగలిగితే రెండు వారాలకోసారే అని చెప్పండి. శుక్రవారం అంటే శుక్రవారమే అన్నట్టు ఆ సిస్టర్లు ఎందుకు ఉన్నారో, లోపల ఉన్నవాళ్ళ వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. అక్కడ ఏదీ చెప్పిన టైంకి జరగదు. ఆ ఒక్కటైనా జరగాలి.

(సభలోంచి ప్రశ్న: మనవాళ్ళు ఎవరైనా లోపల ఉన్నారని తెలిస్తే ఎలా వెతకాలి?)

మంచి ప్రశ్న. 2019 జనవరి గుర్తుందా? మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. ప్రభుత్వమే నడిపిన నకిలీ యూనివర్సిటీ అది. నూటపాతిక మందికి పైగా విద్యార్థుల్ని పట్టుకుంటే అందులో చాలామంది తెలుగు పిల్లలు. వాళ్ళు ఆశ్రయం కోరినవాళ్ళు కాదు, కానీ వాళ్ళని పెట్టింది ఇలాంటి కౌంటీ జైళ్ళలోనే. ఆశ్రయం కోరి వచ్చే భారతీయుల్లో పంజాబీలూ గుజరాతీలూ ఎక్కువ, తెలుగువాళ్ళు తక్కువ. అయినా వెతికే పద్ధతి అందరికీ ఒకటే.

ఐస్ వెబ్‌సైట్‌లో డిటెయినీ లొకేటర్ ఉంటుంది, పట్టుకున్న మనిషి ఎక్కడున్నాడో వెతికే పేజీ అది. రెండు దారులు. ఏ-నంబరు (ఇమ్మిగ్రేషన్ వాళ్ళు మనిషి ఫైలుకి వేసే నంబరు), పుట్టిన దేశం ఇస్తే ఒకటి. ఏ-నంబరుకి తొమ్మిది అంకెలు ఉండాలి. ఎనిమిదే ఉంటే ముందు సున్నా పెట్టాలి. నంబరు లేకపోతే పేరుతో వెతకాలి, అక్కడే మనవాళ్ళు దొరకరు. స్పెల్లింగు అక్షరం తేడా లేకుండా ఉండాలి. మన ఇంటిపేరు ముందుంటుంది, పేరు రెండు మూడు ముక్కలుంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, అమెరికా వీసాలో మొత్తం పేరుని ఇంటిపేరు గడిలో పెట్టి, అసలు పేరు దగ్గర ‘ఎఫ్.ఎన్.యు.’ అని వేస్తారు. పేరు తెలియదు అని దానర్థం. కాబట్టి ముందు వీసాలో ఉన్నట్టు, తర్వాత తిరగేసి, తర్వాత ఎఫ్.ఎన్.యు.తో, ముక్కలు కలిపీ విడదీసీ వెతకాలి. పట్టుకున్న మొదటి రోజు, ఒక జైలు నుంచి ఇంకో జైలుకి మార్చే రోజు అసలు కనిపించకపోవచ్చు. కంగారు పడకుండా కొన్ని గంటలకోసారి చూస్తూ ఉండాలి. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు ఆ లొకేటర్‌లో ఉండరు.

బయటివాళ్ళు లోపలికి ఫోన్ చెయ్యలేరు. లోపలివాళ్ళే చెయ్యాలి, దానికి అకౌంట్‌లో డబ్బుండాలి. తెలియని నంబరు వస్తే మనం ఎత్తం కదా. ఇంట్లో ఎవరైనా లోపల ఉంటే ప్రతి తెలియని నంబరూ ఎత్తండి.

ఇప్పుడు లాయరు సంగతి. అమెరికాలో నేరం కేసైతే డబ్బు లేనివాడికి ప్రభుత్వమే లాయరుని పెడుతుంది. ఇమ్మిగ్రేషన్ కేసు సివిల్ కేసు. లాయరుని పెట్టుకునే హక్కు ఉంది గానీ ఖర్చు మాత్రం ప్రభుత్వం పెట్టదు. కాబట్టి భాష రాని మనిషి, చేతికి గొలుసుతో, ప్రభుత్వ లాయరుకి ఎదురుగా ఒంటరిగా కూర్చుంటాడు. ఇందులో న్యాయం ఎక్కడుందో నాకు అర్థం కాదు.

చట్టం ప్రకారం, సరిహద్దులో దొరికి, ప్రాణభయం ఉందన్న మనిషికి మొదట ‘క్రెడిబుల్ ఫియర్’ ఇంటర్వ్యూ, అంటే ఆ భయం నమ్మదగ్గదేనా అని చూసే ఇంటర్వ్యూ జరగాలి. దుబాసీ ఎక్కువగా ఫోన్‌లోనే ఉంటాడు. ఇండియా నుంచి వచ్చాడంటే హిందీ మనిషిని కలుపుతారు. హిందీ వచ్చా అంటే మనవాళ్ళు మొహమాటానికి ‘ఆ, వచ్చు’ అంటారు. అనకూడదు. తెలుగు కావాలని అడగాలి, దొరికేదాకా ఆగుతానని చెప్పాలి. సినిమా హిందీ వేరు, పోలీసు స్టేషన్‌లో ఏం జరిగిందో చెప్పే హిందీ వేరు.

మీలో చాలామంది ఇంట్లోంచే చెయ్యగలిగిన సాయం ఇక్కడుంది: అనువాదం. కోర్టుకి ఇచ్చే ప్రతి కాగితమూ ఇంగ్లీషులో ఉండాలి. ఎఫ్.ఐ.ఆర్., ఆస్పత్రి చీటీ, ఇంట్లోవాళ్ళు రాసిన ఉత్తరం ఏదైనా సరే అనువదించి, చివర ‘నాకు రెండు భాషలూ వచ్చు, ఈ అనువాదం సరైనది’ అని అనువాదకుడు సంతకం పెట్టాలి. లైసెన్సు అక్కర్లేదు. జాగ్రత్త కావాలి.

ఎందుకంటే 2005 రియల్ ఐడి చట్టం తర్వాత, చిన్న తేడా కనిపించినా, అది అసలు విషయానికి సంబంధం లేనిదైనా, జడ్జి మనిషిని నమ్మకుండా ఉండొచ్చు. మన భాషలో తేడాలు పుట్టే చోట్లు నాకు బాగా తెలుసు. ‘అన్నని కొట్టారు’ అంటాడు మనిషి. దుబాసీ ‘బ్రదర్’ అంటాడు. ఫారంలో తోబుట్టువులు ఎంతమంది అంటే ఒక చెల్లి అని రాసి ఉంటుంది. ఆ అన్న పెదనాన్న కొడుకు. మనకి అన్నే, కోర్టుకి అబద్ధం. బాబాయి, మావయ్య, పెదనాన్న ముగ్గురూ ‘అంకుల్’ అయిపోయి, ఒకే మనిషి రెండు ఊళ్ళలో ఉన్నట్టు తయారవుతుంది. అనువాదం చేసేటప్పుడు ‘తండ్రి అన్న కొడుకు’ అని విడమరిచి రాయండి. తారీఖులు ఇంకో గండం. 03/07 అంటే మనకి జూలై మూడు, ఇక్కడ మార్చి ఏడు. నెల ఎప్పుడూ అక్షరాల్లో రాయండి. ‘సంక్రాంతి తర్వాత’, ‘వరికోతలప్పుడు’ అని చెప్తే దాన్ని మీరే తారీఖు చేసెయ్యకండి, ఆ మాటనే రాసి బ్రాకెట్‌లో సుమారు నెల వెయ్యండి.

బాండ్ గురించి, అంటే విడుదల కోసం కట్టే పూచీ డబ్బు గురించి క్లుప్తంగా. జడ్జి ఇస్తే కనీసం 1,500 డాలర్లు, మామూలుగా అంతకన్నా చాలా ఎక్కువ. కట్టే మనిషికి ఇక్కడ సరైన స్టేటస్ ఉండాలి, కట్టినవాళ్ళ పేరు మీదే డబ్బు తిరిగొస్తుంది, కాబట్టి రసీదు పారెయ్యకూడదు. 2025 సెప్టెంబరులో ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ళ బోర్డు ఇచ్చిన తీర్పుతో, తనిఖీ లేకుండా సరిహద్దు దాటినవాళ్ళకి జడ్జి బాండ్ ఇచ్చే దారి మూసేశారు. దాని మీద ఫెడరల్ కోర్టుల్లో పెద్ద పోరాటం నడిచింది. ఇది లాయరు మాత్రమే చెప్పాల్సిన విషయం, మనం సలహా ఇవ్వకూడదు.

విడుదలైన రోజు చాలామందికి పండగ కాదు. ఒక ప్లాస్టిక్ సంచిలో కాగితాలు, చలికి కోటు లేదు, ఫోన్ చార్జింగ్ లేదు, వెళ్ళడానికి ఇల్లు లేదు. ఆశ్రయం అర్జీ పెట్టిన తర్వాత 180 రోజుల దాకా పని చేసే అనుమతి రాదు. అప్పటిదాకా ఏం తినాలి? అందుకని సిస్టర్లూ కమిటీ వాళ్ళూ షికాగో పక్కనున్న సిసరోలో మేరీ జోసెఫ్ హౌస్ అనే ఇల్లు నడిపారు. పద్దెనిమిది నిండగానే పిల్లల షెల్టర్ నుంచి పెద్దల జైలుకి పోవాల్సిన కుర్రాళ్ళ కోసం వయేటర్ సభ గురువులు (కేథలిక్ ఫాదర్లు) వయేటర్ హౌస్, అమ్మాయిల కోసం కొన్ని కన్యస్త్రీల సభలు కలిసి బెతనీ హౌస్ పెట్టారు. అలాంటి ఇంట్లో మంచం కన్నా విలువైనది అడ్రసు. అడ్రసు మారితే కోర్టుకి ఐదు రోజుల్లో ఒక ఫారం, ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి పది రోజుల్లో ఇంకో ఫారం వెయ్యాలి. ఒకచోట చెప్తే రెండోచోటికి తెలుస్తుందనుకుని మోసపోతారు. నోటీసు పాత అడ్రసుకి వెళ్తుంది, మనిషి కోర్టుకి రాడు, రాలేదు కాబట్టి డిపోర్టేషన్ ఆర్డరు. ఎంత నిజమైన కేసైనా ఆ ఒక్క ఉత్తరంతో పోతుంది.

2021లో ఇల్లినాయ్ ఇంకో చట్టం చేసింది. కౌంటీ జైళ్ళు ఐస్‌కి మంచాలు అద్దెకివ్వకూడదంది. మెక్‌హెన్రీ, కాంకకీ కౌంటీలు కోర్టుకెళ్ళి ఓడిపోయాయి. మంచి చట్టమే అని నా అభిప్రాయం. కానీ పట్టుకోవడం ఆగలేదు, పట్టుకున్నవాళ్ళని పక్క రాష్ట్రాలకి తీసుకెళ్తున్నారు. గంట ప్రయాణంలో ఉన్న ములాఖత్ ఇప్పుడు ఒక రోజు పని. 2022లో టెక్సస్ నుంచి బస్సుల్లో జనాన్ని షికాగో పంపడం మొదలైనప్పుడు, తొంభై దాటిన సిస్టర్ పాట్, ఎనభై దాటిన సిస్టర్ జోఆన్ కలిసి కేథరిన్స్ కేరింగ్ కాజ్ అని పెట్టి, ఆశ్రయం కోరిన కుటుంబాలకి అపార్ట్‌మెంట్లు చూసి సర్దడం మొదలుపెట్టారు.

2025 బ్రాడ్‌వ్యూకి చాలా చెడ్డ ఏడాది. అక్కడ మనిషిని 12 గంటలకి మించి ఉంచకూడదన్న నియమాన్ని జూన్‌లో 72 గంటలకి సడలించారు. పడకలు లేని గదుల్లో జనం రోజుల తరబడి ఉండిపోయారు. సత్ప్రసాదం (కేథలిక్ పూజలో ఇచ్చే పవిత్ర రొట్టె) తీసుకెళ్ళిన గురువుల్ని లోపలికి రానివ్వలేదు. నవంబరు 1న, సకల పునీతుల పండుగనాడు, సహాయ మేత్రాణులతో (బిషప్‌తో) పాటు సిస్టర్ జోఆన్ వెళ్ళి అడిగినా కాదన్నారు. ఆ తర్వాత కొద్దిరోజులకే, షికాగోలో పుట్టిన పోపు లియో, లోపల ఉన్నవాళ్ళ ఆత్మిక అవసరాలని గుర్తించాలని బహిరంగంగా చెప్పారు. ఫెడరల్ జడ్జి ఒకరు ఆర్డరిచ్చారు: శుభ్రమైన పరుపు, సబ్బు, రోజు విడిచి రోజు స్నానం, మూడు పూటల తిండి, మంచినీళ్ళు, లాయరుకి ఫోన్. ఇవి కోర్టు ఆర్డరు వేస్తే గానీ రాని పరిస్థితి వచ్చింది. సిస్టర్ పాట్ ఆ జూలైలోనే 96వ ఏట పోయారు. సిస్టర్ జోఆన్ నవంబరులో, 91వ ఏట.

(సభలోంచి ప్రశ్న: మేం క్రిస్టియన్లం కాదు. హెచ్-వన్ మీద ఉన్నాం. మేం వెళ్ళొచ్చా?)

మతం అడ్డు కాదు, ఆ కమిటీ మొదటి నుంచీ అన్ని మతాలదీ. స్టేటస్ సంగతి వేరు. ములాఖత్‌కి ఐడీ చూపించాలి, వాలంటీరుగా వెళ్తే వెనకటి వివరాలు తనిఖీ చేస్తారు. హెచ్-వన్, గ్రీన్‌కార్డు పెండింగ్‌లో ఉన్నవాళ్ళు ముందు మీ లాయరుని అడగండి. స్టేటస్ లేనివాళ్ళు అసలు వెళ్ళొద్దు. ధైర్యం చూపించే చోటు కాదది.

వెళ్ళలేనివాళ్ళు ఉత్తరం రాయండి. అది తక్కువ పనేం కాదు, ములాఖత్ ఒక గంటలో అయిపోతుంది, ఉత్తరం రాత్రిళ్ళు తీసి చదువుకుంటారు. ముందు ఆ జైలు మెయిల్ నియమాలు వెబ్‌సైట్‌లో చూడండి. తెల్ల కాగితం, నీలం లేదా నలుపు ఇంకు. స్టేపుల్ పిన్నులు, స్టిక్కర్లు, మెరుపులు, సెంటు వద్దు, అవి ఉంటే వెనక్కి పంపేస్తారు. కేసు గురించి ఒక్క మాట రాయకండి, ఉత్తరం విప్పి చూస్తారు. వాతావరణం రాయండి, ఇవాళ వండిన కూర రాయండి, తెలుగు మనిషికైతే తెలుగులో రాయండి. కవరు మీద పేరు లొకేటర్‌లో ఎలా ఉందో అలాగే, పక్కన ఏ-నంబరు. నంబరు లేకపోతే ఉత్తరం అందకపోవచ్చు. పెన్నులూ కవర్లూ ఆ వెనక బల్ల మీద ఉన్నాయి.